కరెంటు ప్లాంటుకే కరెంటు లేకపోతే? బేస్ బిల్డింగ్ గేముల్లో పవర్ సెటప్

బేస్ కట్టే గేముల్లో కరెంటు గురించి అందరూ ముందు అడిగేది ఒకటే, ఎన్ని జనరేటర్లు పెడితే సరిపోతుంది అని. ఫ్యాక్టోరియో అయినా శాటిస్‌ఫ్యాక్టరీ అయినా ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్ అయినా ఈ లెక్క పెద్ద కష్టం కాదు, ప్రతి మెషీన్ ఎంత లాగుతుందో గేమే చూపిస్తుంది, అన్నీ కూడుకుని దానికి కాస్త ఎక్కువే పెట్టేస్తే అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ అలా లెక్క కరెక్టుగా వేసుకున్న బేసులే చాలా గంటలు ఆడాక ఒకరోజు ఉన్నట్టుండి చీకటైపోతాయి, అప్పుడు పక్కన ఇంకో పది జనరేటర్లు పెట్టినా లేవవు. ఎందుకంటే వాటికి బొగ్గు తవ్వే మెషీన్లు, నీళ్ళు తోడే పంపులు కూడా ఆ పోయిన కరెంటు మీదే నడుస్తున్నాయి కదా.

అందుకే ఎంత కరెంటు కావాలి అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: మొత్తం ఆగిపోతే మళ్ళీ మొదటి వాటు ఎక్కడ్నుంచి వస్తుంది? నిజమైన పవర్ స్టేషన్లలో దీనికి బ్లాక్ స్టార్ట్ అని పేరే ఉంది. గ్రిడ్ అంతా పడిపోయినప్పుడు బయటి కరెంటు అక్కర్లేకుండా తనంతట తానే లేవగలిగేది ఒకటుండాలి, చిన్న డీజిల్ జనరేటరో, జలవిద్యుత్ కేంద్రమో ముందు లేచి మిగతావాటిని ఒక్కొక్కటిగా లేపుతుంది. గేముల్లో ఈ పేరు ఎక్కడా కనపడదు, ట్యుటోరియల్‌లో కూడా చెప్పరు, కానీ బేస్ బతకడం చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఫ్యాక్టోరియోలో ఇది అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని కాస్త దగ్గరగా చూడటం మంచిది. ఒక బాయిలర్ 1.8 మెగావాట్లకి సరిపడా ఆవిరి ఇస్తుంది, ఒక స్టీమ్ ఇంజన్ 900 కిలోవాట్ల కరెంటు ఇస్తుంది, అందుకే బాయిలర్‌కి రెండు ఇంజన్లు. పాత వెర్షన్లలో నీళ్ళు తోడే ఒక ఆఫ్‌షోర్ పంపుకి 20 బాయిలర్లు, 40 ఇంజన్లు అన్న లెక్క ఆడేవాళ్ళందరికీ కంఠతా వచ్చేది, 2024 అక్టోబర్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌లో నీళ్ళ వాడకం పదోవంతుకి తగ్గించారు కాబట్టి ఇప్పుడు అదే పంపు 200 బాయిలర్లకి సరిపోతుంది. అయినా మొదటి ప్లాంటుకి 20కి 40 అన్న సైజు ఇప్పటికీ బానే ఉంటుంది, 36 మెగావాట్లు వస్తాయి.

ఇప్పుడు ఆ ప్లాంటు తిండి సంగతి. బొగ్గు ముక్క ఒక్కోదానిలో 4 మెగాజౌల్స్ ఉంటాయి, అంటే ఫుల్ లోడు మీద ఒక బాయిలర్ సెకనుకి 0.45 ముక్క తింటుంది, 20 బాయిలర్లకి సెకనుకి 9 ముక్కలు. ఎలక్ట్రిక్ డ్రిల్ ఒకటి సెకనుకి అర ముక్క తవ్వుతుంది కాబట్టి 18 డ్రిల్స్ కావాలి, ఒక్కోటి 90 కిలోవాట్లు, మొత్తం 1.62 మెగావాట్లు. బెల్టు మీద నుంచి బొగ్గు తీసి బాయిలర్లలో వేసే ఇన్సర్టర్లు 20, అవి ఒక్క క్షణం ఆగకుండా తిరిగినా తలా 13 కిలోవాట్లు, అదో పావు మెగావాటు. అంతా కలిపితే రెండు మెగావాట్లు కూడా లేదు. అంటే 36 మెగావాట్ల ప్లాంటు తనని తాను నడుపుకోవడానికి ఖర్చు పెట్టేది ఇరవయ్యో వంతు, అంత చిన్న లోడు. మొత్తం కథ ఆ చిన్న లోడు దగ్గరే చెడిపోతుంది.

ఎలాగంటే, ఫర్నేసులు ఇంకో వరుస పెరిగి డిమాండ్ 45 మెగావాట్లకి వెళ్ళిందనుకుందాం. ఫ్యాక్టోరియోలో ఫ్యూజు ఎగరదు, ఉన్న కరెంటునే అందరికీ సమానంగా పంచుతుంది, 45 అడిగితే 36 ఇస్తుంది, ప్రతి మెషీన్‌కి 80 శాతమే అందుతుంది. ఫర్నేసులు 80 శాతం స్పీడుతో నడిస్తే ఫరవాలేదు, ప్లేట్లు కాస్త లేటుగా వస్తాయి అంతే. కానీ బొగ్గు డ్రిల్స్ కూడా 80 శాతానికే పడిపోతాయి, సెకనుకి 9 రావాల్సిన చోట 7.2 వస్తాయి, దాంతో ప్లాంటు ఇవ్వగలిగేది 28.8 మెగావాట్లే, అంటే ఇప్పుడు అందరికీ 64 శాతం, డ్రిల్స్ 64 శాతానికి దిగితే బొగ్గు 5.76 కి దిగుతుంది, కరెంటు 23 మెగావాట్లకి దిగుతుంది, అది 51 శాతం, అలా ఊబిలో దిగినట్టు దిగుతూనే ఉంటుంది. ఆడేవాళ్ళు దీన్ని డెత్ స్పైరల్ అంటారు. ఇందులో బాగా ఇబ్బంది పెట్టేది ఏంటంటే ఇది వెంటనే కనపడదు, బెల్టు నిండా బొగ్గు ఉంటుంది, బాయిలర్లలో కూడా కొంత నిల్వ ఉంటుంది, అవి అయిపోయేదాకా అంతా బానే ఉన్నట్టుంటుంది, ఈలోగా కొత్త ఫర్నేసులు పెట్టిన సంగతి మర్చిపోయి మ్యాప్‌లో ఎక్కడో రైలు పట్టాలు వేసుకుంటూ ఉంటారు. తీరా చూసేసరికి లైట్లన్నీ డిమ్‌గా ఉంటాయి, ఎందుకు అయిందో అర్థం కాదు.

దీనికి ఎక్కువమంది చెప్పే మందు బర్నర్ ఇన్సర్టర్లు. అవి బొగ్గుతోనే నడుస్తాయి, మోసే బొగ్గులోంచే తమకి కావాల్సింది తీసుకుంటాయి, కరెంటుతో పనే లేదు. మంచి సలహానే, కానీ సగం మందే. బెల్టు మీద బొగ్గు ఉంటే కదా అవి వేసేది, ఆ బొగ్గు తవ్వే డ్రిల్స్ ఇంకా గ్రిడ్ మీదే ఉన్నాయి కదా! ఇంకో దారి, డ్రిల్స్‌ని అవసరం కంటే బాగా ఎక్కువ పెట్టడం. 18 కావాల్సిన చోట 30 పెడితే కరెంటు 60 శాతానికి పడేవరకు బొగ్గుకి లోటు రాదు, పైన చెప్పిన 80 శాతం దగ్గరే దిగడం ఆగిపోతుంది, నిదానంగా నడిచినా నిలబడుతుంది. కొత్తగా ఆడేవాళ్ళకి ఇంతకంటే తేలికైన పని లేదు, బొగ్గు గనిలో ఇంకో పన్నెండు డ్రిల్స్ పెట్టడమే.

అసలైన మందు మాత్రం ప్లాంటు తిండి లైనుని వేరు గ్రిడ్ మీద పెట్టడం. రెండు బాయిలర్లు, నాలుగు ఇంజన్లు పక్కకి తీసి, అవి ఇచ్చే 3.6 మెగావాట్లని బొగ్గు డ్రిల్స్‌కి, ఇన్సర్టర్లకి మాత్రమే ఇవ్వాలి, ఈ చిన్న గ్రిడ్ వైరు పెద్ద గ్రిడ్‌ని ఎక్కడా తాకకూడదు. అప్పుడు బేస్‌లో ఎంత లోడు పెరిగినా, శత్రువుల మీదకి లేజర్ టరెట్లు ఒక్కసారిగా కాల్చి కరెంటు మొత్తం లాగేసినా, బొగ్గు రావడం మాత్రం తగ్గదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, కొత్త పోల్, అంటే కరెంటు స్తంభం, పెట్టగానే దగ్గర్లో ఉన్న పోల్స్‌కి అదే కనెక్ట్ అయిపోతుంది, కాబట్టి కొన్నాళ్ళకి ఇంకేదో పనికి అక్కడ ఒక పోల్ నాటితే రెండు గ్రిడ్‌లూ తెలియకుండానే కలిసిపోతాయి, చేసిన పని అంతా నీళ్ళపాలు. రెండు గ్రిడ్ల మధ్య పోల్ అందనంత ఖాళీ వదలడం, లేదా ఆ పట్టీలో గోడ కట్టేయడం మేలు. అలాగే ఒక మెషీన్ రెండు గ్రిడ్ల పోల్స్ పరిధిలోనూ పడితే రెండింటి నుంచీ కరెంటు తీసుకుంటుంది, కాబట్టి అంచుల్లో ఏం పెడుతున్నామో చూసుకోవాలి.

ఇంకో చిట్కా ఉంది, ఇది తక్కువమందే వాడతారు కానీ వాడాల్సింది. బాయిలర్‌కి ఇంజన్‌కి మధ్య ఒక స్టోరేజ్ ట్యాంకు పెడితే అందులో 25,000 యూనిట్ల ఆవిరి పడుతుంది, 165 డిగ్రీల ఆవిరి అయితే అది 750 మెగాజౌల్స్. ఒక అక్యుములేటర్‌లో, అంటే ఈ గేమ్ బ్యాటరీలో, పట్టేది 5 మెగాజౌల్సే కాబట్టి ఒక్క ట్యాంకు 150 అక్యుములేటర్లతో సమానం, స్థలం చూస్తే మూడు గడులు బై మూడు గడులే. పైగా ఆవిరి పైపులో పారడానికి కరెంటు అక్కర్లేదు, అంతా ఆగిపోయాక కూడా ట్యాంకులో ఉన్నది ఇంజన్‌కి దానంతట అదే వెళ్తుంది. బేస్ అంతా చీకటిగా ఉన్నప్పుడు ఈ ఒక్క ట్యాంకు ఆ చిన్న గ్రిడ్‌ని మూడు నిమిషాల పైన నడిపిస్తుంది, బెల్టు నిండటానికి అది చాలావరకు సరిపోతుంది.

అక్యుములేటర్ల మాట వచ్చింది కాబట్టి వాటు, జౌల్ తేడా కూడా చెప్పుకోవాలి, సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. వాటు అంటే కుళాయి ఎంత ధారగా వస్తోంది అన్నది, జౌల్ అంటే బకెట్‌లో ఎన్ని నీళ్ళున్నాయి అన్నది. ఫ్యాక్టోరియో అక్యుములేటర్ 300 కిలోవాట్లు ఇవ్వగలదు అని చూసి వంద పెడితే 30 మెగావాట్లు వచ్చేశాయి అనుకుంటారు, వస్తాయి, కానీ పదిహేడు సెకన్లు కూడా రావు. సోలార్‌లో కూడా ఇదే పొరపాటు. ప్యానెల్ మీద 60 కిలోవాట్లు అని ఉంటుంది, రాత్రి కలుపుకుని సగటు తీస్తే 42 మాత్రమే, అందుకే 1 మెగావాటు రాత్రీపగలూ ఆగకుండా కావాలంటే సుమారు 24 ప్యానెల్స్, 20 అక్యుములేటర్లు కావాలి. పైన చెప్పిన 36 మెగావాట్ల బొగ్గు ప్లాంటుని సోలార్‌తో మార్చాలంటే 857 ప్యానెల్స్, 720 అక్యుములేటర్లు, పది వేల గడుల పైనే స్థలం. అయినా సోలార్‌కి ఒక పెద్ద సుగుణం ఉంది, దానికి తిండి లైను లేదు, కాబట్టి ఊబి కూడా లేదు. ఎంత దిగిపోయినా తెల్లారగానే మళ్ళీ అంతే కరెంటు వస్తుంది. చిన్న గ్రిడ్‌కి సోలార్ పెట్టేవాళ్ళు అందుకే పెడతారు.

శాటిస్‌ఫ్యాక్టరీలో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ పంచుకోవడం ఉండదు, అడిగింది ఉన్నదాన్ని దాటగానే ఫ్యూజు కొట్టేసి ఆ గ్రిడ్ మీదున్నవన్నీ ఒకేసారి ఆగిపోతాయి, వెళ్ళి లివర్ లాగాలి, లోడు తగ్గించకుండా లాగితే మళ్ళీ కొట్టేస్తుంది. బొగ్గు జనరేటర్ 75 మెగావాట్లు, నిమిషానికి 15 బొగ్గు, 45 ఘనమీటర్ల నీళ్ళు. వాటర్ ఎక్స్‌ట్రాక్టర్ నిమిషానికి 120 ఘనమీటర్లు ఇస్తుంది, 20 మెగావాట్లు తింటుంది. అందుకే 8 జనరేటర్లకి 3 ఎక్స్‌ట్రాక్టర్లు అన్న లెక్క వచ్చింది, 600 మెగావాట్లు వస్తాయి, అందులో పంపులకే 60 పోతాయి. ఫ్యాక్టోరియోలో నీళ్ళ పంపుకి కరెంటే అక్కర్లేదు, ఇక్కడ మాత్రం పదోవంతు దానికే, తేడా ఎంతుందో చూడండి.

ఇక్కడ చాలామంది పడే గుంట పైపు దగ్గర ఉంది. 8 జనరేటర్లకి 360 ఘనమీటర్లు కావాలి, మొదటి రకం పైపులో నిమిషానికి 300 మాత్రమే పారుతుంది, కాబట్టి మూడు ఎక్స్‌ట్రాక్టర్లనీ ఒక చివర కలిపి తోస్తే చివరి ఒకటి రెండు జనరేటర్లకి నీళ్ళు సరిగా అందవు, అవి ఆగి ఆగి నడుస్తాయి, కరెంటు గ్రాఫ్‌లో కెపాసిటీ గీత పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది, ఎప్పుడో ఒకసారి ఆ గీత కిందకి దిగిన క్షణంలోనే లోడు పెరిగి ఫ్యూజు పోతుంది. రెండు ఎక్స్‌ట్రాక్టర్లని ఒక చివర, మూడోదాన్ని ఇంకో చివర కలిపితే ఏ ముక్కలోనూ 300 దాటదు. అలాగే కొత్త ప్లాంటుని వెంటనే బేస్‌కి కలపకూడదు, పైపులు నిండి ఎనిమిదీ నీళ్ళతో బొగ్గుతో సర్దుకునేదాకా పంపుల్ని పాత బయోమాస్ బర్నర్ల మీద నడిపి తర్వాత కలపాలి. ఆ బర్నర్లని బొగ్గు రాగానే పడగొట్టేస్తారు చాలామంది, అది తప్పు. ఒక్కోటి 30 మెగావాట్లు ఇస్తుంది, వాడినంతే ఇంధనం కాలుతుంది, ఊరికే ఉంటే ఏమీ ఖర్చు కాదు. మూడు బర్నర్లకి ఆకులు, కట్టెలతో చేసిన బయోమాస్ నింపి, ఒక స్విచ్ వెనక పెట్టి, పంపులకీ బొగ్గు మైనర్లకీ మాత్రమే కలిసేలా ఉంచుకుంటే అదే బ్లాక్ స్టార్ట్. మూడు పంపులకి 60, ఒక మామూలు గని మీద మొదటి రకం మైనర్ 5 చొప్పున రెండు మైనర్లకి 10, మొత్తం 70, బర్నర్లు ఇచ్చేది 90. సరిపోతుంది.

ఈ గేమ్‌లో ఫ్యూజు పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది కొంచెం దొంగది. తయారైన సామాను ముందుకి తీసుకునే మెషీన్లు లేక అవుట్‌పుట్ నిండిపోతే మెషీన్లు ఆగి కూర్చుంటాయి, అప్పుడు దాదాపు ఏమీ లాగవు, గ్రాఫ్‌లో వాడకం తక్కువగా కనిపిస్తుంది, ఇంకా బోలెడు మిగులుంది కదా అని కొత్త ఫ్యాక్టరీ కలుపుతారు. తర్వాత ఎప్పుడో ఒక పెద్ద కట్టడం కోసం నిల్వ కంటైనర్లు ఖాళీ చేస్తారు, దాంతో ఆగి ఉన్నవన్నీ ఒక్కసారిగా నిద్ర లేస్తాయి. అందుకే చూడాల్సింది ఇప్పుడు వాడుతున్న గీత కాదు, అన్నీ ఒకేసారి నడిస్తే ఎంత కావాలో చూపించే గరిష్ఠ వాడకం గీత. కెపాసిటీ దానికి పైన ఉండాలి. ఓవర్‌క్లాక్ చేసేటప్పుడు, అంటే మెషీన్ స్పీడు మామూలు కంటే పెంచేటప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోవాలి, స్పీడు రెండింతలు చేస్తే కరెంటు రెండున్నర రెట్లు అవుతుంది, అదే సగానికి తగ్గిస్తే నలభై శాతమే లాగుతుంది, స్థలం ఉన్నచోట రెండు మెషీన్లు సగం స్పీడుతో నడపడం ఒకటి పూర్తి స్పీడుతో నడపడం కంటే చవక.

ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్‌లో ఫ్యూజు లేదు, స్లో అవడమూ లేదు, వైరే కాలిపోతుంది. మామూలు వైరు 1 కిలోవాటు, కండక్టివ్ వైరు 2, లావు హెవీవాట్ వైరు 20 మోస్తుంది. ఒక వైరు మీద మెషీన్లు కలిసి అంతకంటే ఎక్కువ లాగితే కాసేపటికి ఎక్కడో ఒక ముక్క పాడవుతుంది. లావు వైరు వెన్నెముకలా వేసి, దాని మీద నుంచి ట్రాన్స్‌ఫార్మర్లతో గదికో చిన్న లైను దింపడం మామూలు పద్ధతి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 1 కిలోవాటే వదులుతుంది కాబట్టి దాని కింద మామూలు వైరు ఎప్పటికీ కాలదు.

ఈ గేమ్‌లో బ్లాక్ స్టార్ట్ విషయం ఆక్సిజన్ మెషీన్ దగ్గర బాగా అర్థమవుతుంది. ఎలక్ట్రోలైజర్ సెకనుకి కిలో నీళ్ళని విడగొట్టి 888 గ్రాముల ఆక్సిజన్, 112 గ్రాముల హైడ్రోజన్ ఇస్తుంది, ఆ హైడ్రోజన్‌ని జనరేటర్‌లో కాలిస్తే సుమారు 900 వాట్లు. ఎలక్ట్రోలైజర్ తినేది 120, కిలో గ్యాసు లాగడానికి గ్యాస్ పంపులు రెండు కావాలి, ఒక్కోటి 240, మొత్తం 600. అంటే తన కరెంటు తానే చేసుకుని ఇంకా 300 దాకా మిగులుస్తుంది, అందుకే దీన్ని తనంతట తానే నడిచే ఆక్సిజన్ మెషీన్ అని మెచ్చుకుంటారు. కానీ తనంతట తాను నడవడం వేరు, తనంతట తాను లేవడం వేరు. నీళ్ళు రెండు నిమిషాలు ఆగి బ్యాటరీ అయిపోయిందంటే, నీళ్ళు మళ్ళీ వచ్చినా ఎలక్ట్రోలైజర్‌కి 120 వాట్లు ఇచ్చే దిక్కు లేదు, హైడ్రోజన్ రాదు, జనరేటర్ తిరగదు, ఇక ఊపిరి ఆడని మనుషులు పరుగులు పెడుతుంటారు. పక్కనే ఒక చేతి జనరేటర్, అదే మనిషి పరిగెత్తి తిప్పే చక్రం, 400 వాట్లది ఒకటి అదే లైను మీద పెట్టి ఉంచితే చాలు, ఒక మనిషి ఎక్కి కాసేపు తిప్పితే ఎలక్ట్రోలైజర్, ఒక పంపు లేస్తాయి, మిగతాది అవే చూసుకుంటాయి. స్మార్ట్ బ్యాటరీ పెట్టి, నిల్వ బాగా తగ్గినప్పుడే ఆ చక్రం ఆన్ అయ్యేలా ఆటోమేషన్ వైరు కలిపితే మామూలు రోజుల్లో ఎవ్వరూ దాని జోలికి పోరు.

రిమ్‌వరల్డ్ అనే ఇంకో బేస్ గేమ్‌లో మాత్రం ఈ ఆలోచనని కాస్త తిప్పి చూడాలి, అక్కడ నిల్వే ప్రమాదం. షార్ట్ సర్క్యూట్ అయిందంటే ఆ గ్రిడ్ మీద కలిసున్న బ్యాటరీలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయి ఆ శక్తి అంతా పేలుడుగా మారుతుంది, ఎంత ఎక్కువ దాచుకుంటే అంత పెద్ద పేలుడు. కాబట్టి బ్యాటరీలని రెండు గుంపులు చేసి, ఒకటి నింపి స్విచ్‌తో విడగొట్టి పక్కన పెట్టుకోవాలి, పేలుడు అయ్యాక దాన్ని కలిపితే ఫ్రీజర్, టరెట్లు వెంటనే లేస్తాయి. పైకప్పు లేని చోట బ్యాటరీ అస్సలు పెట్టకూడదు, వాన తగిలితే షార్ట్ అవుతుంది. సోలార్ ఫ్లేర్ వస్తే కరెంటుతో నడిచేవన్నీ కాసేపు ఆగిపోతాయి, ఏ బ్యాటరీ పనికిరాదు, అప్పటికి కట్టెలతో నడిచే పాసివ్ కూలర్, చలిమంట ముందే కట్టి ఉంచుకోవడం తప్ప వేరే దారి లేదు.

లోడు కోసేయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లేవడం ఎంత ముఖ్యమో లేచాక మళ్ళీ పడకుండా ఉండటం అంతే ముఖ్యం. ఫ్యాక్టోరియోలో అక్యుములేటర్ తన ఛార్జి శాతాన్ని సర్క్యూట్ వైరు మీద చెప్తుంది, దాన్ని పవర్ స్విచ్‌కి కలిపి 20 కంటే తగ్గితే ల్యాబులని కట్ చేయమని పెడితే అయిపోయింది, స్విచ్‌కి కరెంటు అక్కర్లేదు కాబట్టి చీకట్లో కూడా పని చేస్తుంది. కానీ 20 దగ్గరే కోసి 20 దగ్గరే కలిపితే స్విచ్ టకటకా కొట్టుకుంటూ ఉంటుంది, 20 దగ్గర కోసి 60 దాటాకే కలపాలి. ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్ స్మార్ట్ బ్యాటరీలో ఈ రెండు హద్దులూ ముందే ఉంటాయి, ఫ్యాక్టోరియోలో కాంబినేటర్లతో, అంటే సిగ్నళ్ళ మీద లెక్కలు చేసే పెట్టెలతో, కట్టుకోవాలి, కాంబినేటర్‌కి మాత్రం కరెంటు కావాలి, కాబట్టి దాన్ని ఆ చిన్న గ్రిడ్ మీదే పెట్టాలి. శాటిస్‌ఫ్యాక్టరీలో ప్రయారిటీ పవర్ స్విచ్‌లు దాదాపు ఇదే పని చేస్తాయి, లోటు వస్తే ఫ్యూజు పోకముందే తక్కువ ముఖ్యమైన గ్రూపుని కోసేస్తాయి.

ఇదంతా కట్టాక పని చేస్తుందో లేదో కాగితం మీద తెలీదు. గేమ్ సేవ్ చేసి, బేస్‌లో కరెంటు మొత్తం కావాలని ఆపేసి, బెల్టు మీదున్న బొగ్గు కూడా తీసేసి, బాయిలర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు మళ్ళీ లేపి చూడాలి. మొదటిసారి చేసినప్పుడు ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోతుంది, బొగ్గు గనిలో ఒక ఇన్సర్టర్ పొరపాటున పెద్ద గ్రిడ్ పోల్‌కి కలిసి ఉంటుంది, లేదా మూడో పంపు స్విచ్‌కి అవతల ఉండిపోతుంది. అది సరిచేసి సేవ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి ఇంకోసారి ఆపి చూడాలి, ఎవరి చెయ్యీ పడకుండా ప్లాంటు దానంతట అదే, లేదా ఒక్క స్విచ్ నొక్కితే లేచేదాకా.